ఎల్‌ఫ్రీడ గారి చీపురు చప్పుడు

ఆ శనివారం పొద్దున ఎల్‌ఫ్రీడ బోయర్లె అనుకున్న పనులు చాలా మామూలువి. కాఫీ తాగి తలకు గుడ్డ కట్టుకోవాలి. మెట్లన్నీ పై నుంచి కిందికి ఊడ్చి తడిగుడ్డ పెట్టాలి. వీధి గుమ్మం ముందున్న కాలిబాట ఊడ్చి, ప్లమ్ పళ్ళ కేకు పొయ్యిలో పెట్టాలి. మూడింటికి ఇరుగుపొరుగును కాఫీకి కూర్చోబెట్టి, పై పెంకుల కింద గదుల్లో అద్దెకుంటున్న మెర్లె అనే పిల్లను ఆ ఇంట్లోంచి ఎలా పంపించాలో తేల్చాలి.

మెర్లె ట్రాము నడుపుతుంది. వచ్చి ఏడాది కావస్తోంది. "ఊడ్పు వారం" అని చెక్కిన పలక ఎవరి తలుపుకు వేలాడితే ఆ వారం మెట్లు వాళ్ళవి. ఆ పలక మెర్లె తలుపుకు ఎన్నిసార్లు వేలాడినా, ఒక్కసారి కూడా ఎవరికీ బకెట్టు చప్పుడు వినిపించలేదు. మెట్ల మీద దుమ్ము కూడా కనిపించలేదన్న మాట నిజమే. అది ముందు వారం వాళ్ళు అంత బాగా తుడవడం వల్లనేనని పై అంతస్తు షోయ్‌ఫెలె గారు తేల్చేశారు. ఆ ఇంట్లో శుభ్రాన్ని మొదట చెవితో, తర్వాత ముక్కుతో తెలుసుకుంటారు. కంటి దాకా రావడం అరుదు.

"ఇంట్లో అందరిదీ ఒకే మాటైతే ఆ అమ్మాయికి ఇల్లు ఇక ఇవ్వను" అని యజమానురాలు ఫోనులో చెప్పింది. అందరి మాట అంటే ఎల్‌ఫ్రీడ మాటే. "మా నానమ్మ పురిటినొప్పులొస్తున్నా మెట్లు తుడిచాకే మంచమెక్కింది" అని ఆమె మొన్ననే నలుగురిలో చెప్పింది. అలాంటి మనిషి ఈ శనివారం, ఈ కాఫీకి ముందు మెట్లు తుడవకపోతే మళ్ళీ ఆ ఇంట్లో ఎవరి ముఖం చూడగలదు?

నీళ్ళు నింపిన రేకు బకెట్టు ఎత్తబోయేసరికి ఆమె నడుము పట్టేసింది.

"ఓట్‌మార్!" అని మొగుణ్ణి కేకేసింది. ఆయన వచ్చేసరికి ఎల్‌ఫ్రీడ వంటింటి నేల మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తోంది.

"ఏం చేస్తున్నావక్కడ?"

"నక్షత్రాలు లెక్కపెడుతున్నా! నడుం పట్టేసిందయ్యా మహానుభావా. ఆ చెర్రీ గింజల దిండు వేడిచేసి ఇటు తగలెయ్యి."

ఓట్‌మార్ దిండు వేడిచేసి నడుము కింద పెట్టాడు. "పోనీలే, ఈ ఒక్కసారికి మెట్లు నేను తుడిచేస్తాలే" అన్నాడు.

"చాల్చాల్లే. మొగుడి చేత మెట్లు తుడిపిస్తోందని షోయ్‌ఫెలె సాయంత్రానికల్లా ఊరంతా టముకు వేస్తుంది. అయినా నీ చీపురు చప్పుడు నాలాగా ఉంటుందా? పోయినసారి కింది నుంచి పైకి ఊడ్చావు. దుమ్మంతా మళ్ళీ కిందికే వచ్చింది."

"మరి నొప్పిగా ఉందని చెప్పెయ్. నిజమేగా?"

"నిజమే. ఎవరు నమ్ముతారు? సరిగ్గా నా వారం వచ్చినప్పుడే, సరిగ్గా ఆ పిల్ల మీద ఫిర్యాదు రోజే నడుం పట్టేసిందంటే నేనైతే నమ్ముతానా?"

ఓట్‌మార్ ఊరి మగవాళ్ళ గానసభలో పాడతాడు. ఇంట్లో సాధన చేసుకోవడానికి ఆయన దగ్గర ఒక పాత టేప్ రికార్డరుంది. క్యాసెట్టు ఒక వైపు అయిపోతే తనంతట తానే రెండో వైపు తిరిగి, అదీ అయిపోతే మళ్ళీ మొదటికొచ్చే రకం. పడుకున్న ఎల్‌ఫ్రీడ చూపు అల్మరా మీదున్న దాని మీద పడింది. చాలాసేపు అక్కడే ఆగింది.

వంటింటి తలుపు మూసి, టేప్ రికార్డరు రికార్డింగు మీట నొక్కించి, ఎల్‌ఫ్రీడ నేల మీంచే పని నడిపించింది. ఓట్‌మార్ చీపురుతో చాపను బరబరా గీశాడు. బకెట్టును నేలకు ఠంగుమని కొట్టాడు. గుడ్డ ముంచి పిండాడు. "ఇంకా గట్టిగా! నేను తుడిస్తే గోడలు వినాలి!" అని ఆమె చేతులతో సైగ చేసింది. అల్మరా కిందికి ఆయన చీపురు పోనిచ్చేసరికి, అంత శుభ్రమైన వంటింట్లో ఉండడానికి వీల్లేని దుమ్ము కాస్త లేచి ఆమె ముక్కులో దూరింది. రెండుసార్లు గట్టిగా తుమ్మింది. తుమ్ముతో పాటు నడుములో కత్తి దిగినంత పనైంది. తుమ్ము చెరపడానికి టైము లేదు. నిజంగా తుడిచి ఉంటే ఆ పాటికి సగం మెట్లు అయిపోయేవన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఓట్‌మార్ బూట్లు చేత్తో పట్టుకుని, సాక్సులతోనే నడుస్తూ మెట్లన్నిటి మీదా నిమ్మవాసన సబ్బునీళ్ళు చిలకరించాడు. టేప్ రికార్డరును ఖాళీ బకెట్టులో పెట్టి, పైన గుడ్డ కప్పి, తమ అంతస్తుకూ షోయ్‌ఫెలె గారి అంతస్తుకూ మధ్య మెట్ల మలుపులో దాన్ని ఉంచాడు. పై వాళ్ళకు కింద తుడుస్తున్నట్టూ, కింది వాళ్ళకు పైన తుడుస్తున్నట్టూ వినబడాలని ఎల్‌ఫ్రీడ ఎంచిన చోటు అది. మెట్లు తడిగా ఉండగా ఆ ఇంట్లో ఎవరూ గడప దాటరు. తుడిచే మనిషిని తలుపు తీసి చూడడమంటే అనుమానించడమే. అనుమానం ఉన్నవాళ్ళు తలుపు కన్నంలోంచి చూస్తారు. ఆ కన్నంలోంచి ఎవరి గుమ్మం వాళ్ళకే కనబడుతుంది.

"వెళ్ళి కేకు మీదికి మీగడ పట్రా. వస్తూనే దాన్ని ఆపి లోపల పెట్టెయ్. దారిలో ఎవరితోనూ బాతాఖానీ పెట్టకు" అంది ఎల్‌ఫ్రీడ.

"ఇదిగో, ఇప్పుడే వచ్చేస్తా" అని ఓట్‌మార్ వెళ్ళిపోయాడు. ఆయన ఫోను ఫ్రిజ్ మీదే ఉండిపోయింది.

ఎల్‌ఫ్రీడ నేల మీద పడుకుని తను మెట్లు తుడవడం వింది. ఎంత శ్రద్ధగా తుడుస్తోంది! బకెట్టు ఠంగుమంది, చీపురు బరబరలాడింది, గుడ్డ నీళ్ళలో మునిగింది. ఆ వినసొంపులో కన్ను మూతపడబోతుండగా మెట్ల మీది ఎల్‌ఫ్రీడ తుమ్మింది.

"నూరేళ్ళు!" అని కింది నుంచి మోగ్లర్ గారి గొంతు వినిపించింది. గడియారాలు బాగుచేసి రిటైరైన ముసలాయన. శనివారం రొట్టెల కొట్టు మూసేలోగా వెళ్ళాలని టోపీ పెట్టుకుని, సంచీ పట్టుకుని, మెట్లు ఆరేదాకా తలుపు వెనకాల నిలబడి ఉన్నాడు.

కాసేపటికి క్యాసెట్టు రెండో వైపు తిరిగింది. ఆ వైపు ఓట్‌మార్ గానసాధన ఉందని ఎల్‌ఫ్రీడకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయనది గానసభలో అందరికన్నా కింది గొంతు. ఆ గొంతు వాళ్ళకు పాటలో మాటలుండవు. మిగతావాళ్ళు పాడుతుంటే ఒకే స్వరం పట్టుకుని నిలబడాలి.

"ఊఁ... ఊఁ... ఊఁ..." అని మెట్ల మలుపు మూలిగింది.

కింద తలుపు సందు తెరుచుకుంది. "షోయ్‌ఫెలె గారూ! విన్నారా?"

పైన ఇంకో తలుపు సందు తెరుచుకుంది. "విన్నానండీ మోగ్లర్ గారూ. మూలుగుతోంది పాపం. ఇందాక తుమ్మింది. గొంతు చూశారా, ఎలా బొంగురుపోయిందో!"

"మీ గుమ్మం దగ్గరుందా ఆవిడ?"

"లేదే. మీ దగ్గరుందనుకుంటున్నా."

"నాకు పై నుంచి వినబడుతోంది."

"నాకు కింది నుంచి."

"అయితే మధ్యలో ఉంది. జ్వరంతో కూలబడిందేమోనండీ!"

ఎల్‌ఫ్రీడ నోరు తెరవబోయింది. "నేనిక్కడున్నానండీ, ఇంట్లో, నేల మీద!" అని అరిస్తే ఆ క్షణంలో వచ్చి లేవదీస్తారు. కానీ ఇంట్లో పడుకున్న మనిషి మెట్ల మీద ఎలా మూలుగుతోందని అడిగితే? ఆమె నోరు మూసుకుంది. మూలుగు అయిపోయి, క్యాసెట్టు మళ్ళీ మొదటి వైపు తిరిగింది. బకెట్టు ఠంగుమంది. చీపురు బరబరలాడింది.



"మళ్ళీ మొదలెట్టిందండీ!" అంది షోయ్‌ఫెలె. "ఏం మనిషండీ బాబూ. వాళ్ళ నానమ్మ పోలిక ఎక్కడికి పోతుంది?"

"బోయర్లె గారూ! చాలమ్మా! అద్దంలా ఉన్నాయి మెట్లు! వెళ్ళి పడుకోండి!" అని మోగ్లర్ పైకి కేకేశాడు.

జవాబుగా తుమ్ము వినిపించింది.

"నూరేళ్ళు! చూశారా, మాట వినదు."

ఇరవయ్యేళ్ళుగా ఎల్‌ఫ్రీడ ఆ మెట్లు తుడుస్తోంది. షోయ్‌ఫెలె నోట "మూల వదిలేశారేమో చూసుకోండి" తప్ప ఇంకో మాట వినలేదు. ఇప్పుడు నేల మీద పడుకుని, కళ్ళనిండా నీళ్ళతో, తన గొప్పతనం తనే వింటోంది. ఆ నీళ్ళలో నడుము నొప్పివి ఎన్నో, ఆనందానివి ఎన్నో ఆమెకే తెలియలేదు. నిజమైన మూలుగు వచ్చినప్పుడల్లా చెర్రీ గింజల దిండు అంచు నోట్లో కుక్కుకుంది. మెట్ల మీద ఒకటీ ఇంట్లో ఒకటీ రెండు మూలుగులు వినబడితే మొదటికే మోసం.

క్యాసెట్టు తిరుగుతూనే ఉంది. మూలుగు, చీపురు, తుమ్ము. మోగ్లర్ ప్రతి తుమ్ముకూ నూరేళ్ళు ఇస్తూనే ఉన్నాడు. ఆయనిచ్చిన ఆయుష్షుతో ఎల్‌ఫ్రీడ మునిమనవల మునిమనవల పెళ్ళిళ్ళు కూడా చూడవచ్చు. ఓట్‌మార్ జాడ లేదు.

"ఒక్క సంగతి చూశారా షోయ్‌ఫెలె గారూ" అన్నాడు మోగ్లర్, చెవి పెట్టి విని. "ఆ మూలుగులో కూడా శ్రుతి తప్పడం లేదు."

"ఆవిడ ఏ పని చేసినా పద్ధతిగా చేస్తుందండీ. అయినా ఇలా వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది. మీరు వెళ్ళి ఓసారి చూడకూడదూ?"

"నేనా? ఈ బూట్లతో, తడి మెట్ల మీదా?"

"అదీ నిజమే. నేనైనా ఎలా దిగను?"

"అగ్నిమాపక దళానికి ఫోను చేస్తున్నా."

దిండు నోట్లో ఉండగానే ఎల్‌ఫ్రీడ "వద్దు!" అంది. అది దిండుకు తప్ప ఎవరికీ వినబడలేదు.

ఊళ్ళో అగ్నిమాపక దళమంటే స్వచ్ఛందంగా పనిచేసే కుర్రకారు, వాళ్ళకు నాయకుడుగా మాంసం కొట్టు కుర్త్స్. సైరను మోగించుకుంటూ వచ్చి, వీధి తలుపు తీసి, కుర్త్స్ ఒక కాలు లోపల పెట్టబోయి గాల్లోనే ఆపేశాడు. మెట్లు తళతళలాడుతున్నాయి. నిమ్మవాసన గుప్పుమంది. పై నుంచి చీపురు చప్పుడు వస్తోంది.

"ఎవరి వారం?" అని అడిగాడు.

"బోయర్లె గారిది" అన్నాడు మోగ్లర్ తలుపు సందులోంచి.

కుర్త్స్ కాలు వెనక్కి తీసుకున్నాడు. "అయితే నిచ్చెన తీయండ్రా."

వంటింటి కిటికీలో మొదట శిరస్త్రాణం, తర్వాత మీసం కనబడ్డాయి. కుర్త్స్ కిటికీ గట్టు మీద కూర్చుని బూట్లు విప్పి, సాక్సులతో లోపలికి దిగాడు. నోట్లో దిండుతో నేల మీద పడున్న ఎల్‌ఫ్రీడను చూశాడు. మెట్ల వైపు తలుపు అవతల చీపురు బరబరలాడుతూనే ఉంది.

"అదేంటమ్మా! మీరు మెట్ల మీదుండాలి కదా?"

ఎల్‌ఫ్రీడ దిండు తీసింది. "నడుం పట్టేసింది కుర్త్స్."

"అయ్యో! ఎప్పుడు?"

"పొద్దున్నే" అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది.

కుర్త్స్ వెళ్ళి తలుపు బార్లా తీసి, "కంగారు పడకండి, ఆవిడ ఇంట్లోనే ఉన్నారు! పొద్దుట్నించీ నడుం పట్టేసి పడున్నారట!" అని మెట్ల మీదికి కేకేశాడు.

చీపురు చప్పుడు ఆగలేదు. పై నుంచీ కింది నుంచీ ఒకేసారి, "మరి తుడుస్తున్నదెవరు?" అని వినిపించింది.

ఎల్‌ఫ్రీడ బుర్ర గిర్రున తిరిగింది. మొగుడంటే పరువు పోతుంది. టేప్ రికార్డరంటే పరువుతో పాటు ఊరే వదిలిపోవాలి. ఆ ఇంట్లో ఇంకెవరు మిగిలారు? మిగిలిన ఒక్క పేరూ, చచ్చినా మంచిగా పలకకూడదనుకున్న పేరే, ఆమె నోట్లోంచి ఊడిపడింది.

"మెర్లె."

"ఎవరూ?"

"మెర్లె. పై పిల్ల. నా నడుం పట్టేసిందని తెలిసి... పాపం... వద్దంటున్నా వినకుండా..."

సరిగ్గా అప్పుడే చప్పుడు ఆగిపోయింది. డ్యూటీ లేని రోజని పడుకుని, సైరనుకు నిద్ర చెడి, ఏం కొంప మునిగిందోనని దిగి వస్తున్న మెర్లె మలుపులో బకెట్టుకు తన్నుకుంది. గుడ్డ తీసి చూసింది. లోపలి యంత్రం మీదున్న మీటలన్నీ నొక్కి చూసి, ఏదో ఒకటి పనిచేశాక, బకెట్టు చేత్తో పట్టుకుని, చెదిరిన జుట్టుతో ఎల్‌ఫ్రీడ గుమ్మం ముందుకొచ్చింది. అప్పటికి షోయ్‌ఫెలె, మోగ్లర్ జన్మలో మొదటిసారి తడి మెట్లు తొక్కి అక్కడికి చేరారు.

"బంగారుతల్లీ!" అని షోయ్‌ఫెలె ఆమెను వాటేసుకుంది. "ఎంత తుడిచావమ్మా! జలుబుతో, మూలుగుతూ!"

"ఏం జలుబు?" అంది మెర్లె.

"విన్నారా? జలుబని ఒప్పుకోవడం కూడా లేదు!" అన్నాడు మోగ్లర్, కళ్ళు తుడుచుకుంటూ.

మెర్లె వాళ్ళ భుజాల మీదుగా లోపలికి చూసింది. నేల మీద ఎల్‌ఫ్రీడ ముఖం సున్నం కొట్టినట్టుంది. మెర్లె బకెట్టులోకి ఒకసారి చూసి, గుడ్డ సర్దింది.

"పై అంతస్తు ఇంకా మిగిలిందండీ. తుడిచేసి వస్తా" అంది.

ఓట్‌మార్ మీగడ డబ్బాతో వచ్చేసరికి వీధిలో ఎర్ర బండి, కిటికీకి నిచ్చెన, వంటింట్లో సాక్సులతో అగ్నిమాపక దళం కనబడ్డాయి. "కాఫీకి ఇంతమందిని పిలిచావని నాకు చెప్పలేదే" అన్నాడు.

మూడింటికి కాఫీ జరిగింది. ఎల్‌ఫ్రీడ సోఫాలో పడుకునే అందరికీ మర్యాదలు చేసింది. కేకు లేదు గనక మీగడ కాఫీలో వేసుకున్నారు. ఆమె నోరు విప్పకముందే షోయ్‌ఫెలె అందుకుంది. "ఇలాంటి పిల్లను పంపించాలనుకున్నామా మనం? పాపం చుట్టుకునేది. ఎల్‌ఫ్రీడ గారూ, మీరే ఫోను చేసి చెప్పండి. మీ మాటే మా అందరి మాట." ఫోను తెచ్చి చేతిలో పెట్టారు. ఎల్‌ఫ్రీడ యజమానురాలితో మెర్లె గురించి మాట్లాడింది. నమ్మకం కుదరాలని చాలాసేపే మాట్లాడింది. చివరికి ఆ పిల్లకు అద్దె పెంచకూడదని కూడా అంది.

అందరూ వెళ్ళాక మెర్లె బకెట్టు తెచ్చి సోఫా పక్కన పెట్టి కూర్చుంది. ఎల్‌ఫ్రీడ ఓట్‌మార్‌ను ఏదో పని మీద వంటింట్లోకి పంపించింది.

"చెప్పు. ఏం కావాలి నీకు? ఎవరెవరికి చెప్తావు?"

"ఎవరికీ చెప్పనండీ. ఆ క్యాసెట్టు నా వారం వచ్చినప్పుడు ఇస్తారా?"

"ఎందుకూ? నువ్వెలాగూ తుడవవుగా!"

"ప్రతిసారీ తుడుస్తానండీ. తెల్లారగట్ల ట్రాము డ్యూటీకి పోయే ముందు. మీరంతా నిద్రలో ఉంటారని చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా పై నుంచి కింది దాకా తుడిచి వెళ్తా. మూలలు కూడా."

ఎల్‌ఫ్రీడ ఆమెను జాలిగా చూసింది. ఎంత చదువుకున్నా కొందరికి లోకజ్ఞానం అబ్బదు.

"పిచ్చిదానా! మేం నిద్రపోతుండగా తుడిస్తే అది తుడిచినట్టెలా అవుతుందమ్మా?"

"అందుకేనండీ క్యాసెట్టు అడుగుతున్నా."

ఎల్‌ఫ్రీడ ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? తర్వాత మెర్లె వారం వచ్చినప్పుడు ఆమె ఎప్పటిలాగే తెల్లారగట్ల మెట్లు తుడిచి డ్యూటీకి పోయింది. పది గంటలకు ఓట్‌మార్ పిల్లిలా వెళ్ళి మలుపులో మీట నొక్కి వచ్చాడు. చీపురు మోగింది, తుమ్ము వచ్చింది, మోగ్లర్ నూరేళ్ళిచ్చాడు. మూలుగు దగ్గరికొచ్చేసరికి షోయ్‌ఫెలె తలుపు వెనకాల కళ్ళొత్తుకుంది. పిల్ల ఇలా బాగుపడిందంటే అది ఎల్‌ఫ్రీడ గారి శిక్షణేనని వీధంతా చెప్పుకుంది.

నడుము నయమయ్యాక ఎల్‌ఫ్రీడ వారం మళ్ళీ వచ్చింది. ఈసారి క్యాసెట్టు మాట ఎత్తలేదు. తలకు గుడ్డ కట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ప్రతి మెట్టూ, ప్రతి మూలా, కటకటాల మధ్య సందులు కూడా చేత్తో తుడిచింది. ఆ మెట్లు కట్టిన నాటి నుంచీ అంత శుభ్రంగా ఎన్నడూ లేవు. ఆఖరి మెట్టు మీద నడుము నిటారు చేసుకుంటుండగా పైన తలుపు సందు తెరుచుకుంది.

"అప్పుడే అయిపోయిందా ఎల్‌ఫ్రీడ గారూ?" అంది షోయ్‌ఫెలె. "ఏమీ అనుకోకండి, మీరే నేర్పారు గానీ, ఆ పిల్ల మిమ్మల్ని మించిపోయింది. తుడిస్తే అలా తుడవాలి. తుడిచినట్టు తెలియాలి."

తలుపు మూసుకుంది. కింద మోగ్లర్ తలుపు వెనకాల కూడా ఎవరో నిట్టూర్చిన చప్పుడైంది.

ఎల్‌ఫ్రీడ తడి మెట్ల మధ్య కాసేపు ఆలోచించి, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, శ్రుతి చూసుకుని, మూలగడం మొదలుపెట్టింది.